పాత సైకిలంటే మోజెందుకు?

సైకిలును గురించి వ్యాసమా అని పేజీ తిప్పబోయే మిత్రులకు ముందుగా ఒక మనవి. రాకెట్టు ఎట్లా ఎగురుతుందో మనకు కొంత తెలుసు. సెల్‌ఫోనులో మాట ఎట్లా పోతుందో పరీక్షల కోసమైనా చదివి వుంటాం. కానీ ఇంటి పంచలో గోడకు ఆనుకొని, సీటు మీద దుమ్ము పట్టి, చక్రాల్లో గాలి లేకుండా నిలబడి వున్న నల్ల సైకిలు ఎందుకు ఆ రూపంలోనే వుందని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి తెల్లమొహం వేస్తాం. ఆ రూపానికి కారణాలున్నాయి. ప్రతి వంపుకూ, ప్రతి నట్టుకూ వున్నాయి. అవి తెలిసేకొద్దీ ఆ బండి మీద ఇష్టం పెరుగుతుంది.

ఏ సైకిలును గురించి చెబుతున్నానో ముందే స్పష్టం చేస్తాను. గేర్లు, లావు టైర్లు, రంగురంగుల స్టిక్కర్లు వుండే ఈ కాలపు సైకిలు కాదు. పందెపు సైకిలు అసలే కాదు. పోస్టుమాను, పాలవాడు, బడిపంతులు, మగ్గం కూలీ అందరూ తొక్కిన మామూలు సైకిలు. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, తోలు సీటు, వెనక క్యారియరు, ఇనుప స్టాండు. కత్తులు సాన పట్టేవాడు స్టాండు వేసి, అదే చక్రంతో సానరాయి తిప్పేవాడే, ఆ సైకిలు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాములు ఆగిపోయేదాకా శుభాశుభ వార్తలన్నీ గడప దాకా మోసుకొచ్చిన సైకిలు.

దీని మీద మోజు మన ఒక్కరిదే కాదు. హాలెండు దేశంలో ఇటువంటి నిటారు సైకిలును ‘ఓమాఫీట్స్’ అంటారు. అవ్వ సైకిలు అని దాని అర్థం. అక్కడ ఆ పాత నమూనాలోనే కొత్తవి ఇంకా తయారవుతున్నాయి. లండనులో 2009లో ‘ట్వీడ్ రన్’ అనే ఊరేగింపు మొదలుపెట్టారు. పాతకాలపు ఉన్ని కోట్లు తొడుక్కొని పాత సైకిళ్ళ మీద ఊరంతా తిరగటం అందులో విశేషం. మన దేశంలోనే పుణె నగరంలో పాత సైకిళ్ళకొక మ్యూజియం వుంది.

ఇదంతా తిండికి లోటు లేనివాళ్ళ సరదా అని కొట్టిపారెయ్యవచ్చు. కొంత నిజమే. అయినా సరదాకు నిలబడాలన్నా వస్తువులో ఏదో ఒక సత్తువ వుండాలి. నా దృష్టిలో ఆ సత్తువ ఇది: పాత సైకిలు తన పనిని దాచుకోదు. ఏ భాగం ఏం చేస్తున్నదో కంటికి కనిపిస్తుంది. కనిపిస్తుంది గనుక అర్థమవుతుంది. అర్థమవుతుంది గనుక పాడైతే బాగుచేసుకోవచ్చు. బాగుచేసుకోవచ్చు గనుకనే యాభై ఏళ్ళు బతుకుతుంది. మన ఇళ్ళలో వున్న యంత్రాల్లో ఎన్నింటిని గురించి ఈ మాట చెప్పగలం?

ఈ రూపం ఎట్లా కుదిరిందో రెండు మాటల్లో చెబుతాను. ఒకప్పుడు సైకిలుకు ముందు చక్రం దాదాపు మనిషెత్తు, వెనక చక్రం చాలా చిన్నది. పెడళ్ళు ముందు చక్రానికే వుండేవి. రాయి తగిలితే మనిషి తలకిందులు. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలనూ ఇంచుమించు సమానం చేసి, చైనుతో వెనక చక్రాన్ని తిప్పే ‘రోవర్’ సైకిలును తయారు చేశాడు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడుగా వున్న జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ రెండూ కలిశాక సైకిలుకు ఒక స్థిరమైన ఆకారం వచ్చింది. నూటముప్పై ఏళ్ళు దాటినా దాని మూల సూత్రం మారలేదు.

స్వాతంత్ర్యానికి ముందు మన సైకిళ్ళు చాలావరకు ఓడల్లో దిగినవే. నాటింగ్‌హాం నుంచి ర్యాలీ, బర్మింగ్‌హాం ప్రాంతం నుంచి హెర్క్యులిస్, బీయస్సే, ఫిలిప్స్ వచ్చేవి. తరువాత మనవాళ్ళే మొదలుపెట్టారు. 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ వెలసింది. 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. బొగ్గుగనుల సీమ ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ నడిచింది. పేర్లు వేరైనా సైకిలు ఒక్కటే. ఒకదాని సామాను చాలావరకు ఇంకొకదానికి సరిపోయేది. ఈ చిన్న సంగతి వల్లనే మారుమూల పల్లెలో కూడా రిపేరు సాధ్యమైంది.

ఇక మా నగరి సంగతికొస్తాను. 1953 దాకా మేము మద్రాసు రాష్ట్రంలో వున్నవాళ్ళం. 1960 ఏప్రిల్ 1న మా పక్క తాలూకా తిరుత్తణి అటువైపు పోయింది. సరిహద్దు గీత మా పొలిమేరకు వచ్చింది గానీ సైకిలుకు ఆ గీత తెలియదు. పొద్దున అటునుంచి కూరగాయల బుట్టలు, ఇటునుంచి నూలు మూటలు సైకిళ్ళ మీదనే దాటేవి. మా సైకిలంగళ్ళలో తెలుగు, తమిళం, ఉర్దూ కలిపి ఒకే వాక్యంలో మాట్లాడేవాళ్ళు.

మా నాయన పవర్‌లూం మగ్గాల మీద పనిచేసేవాడు. 1974లో ఆయన కొన్న హెర్క్యులిస్ సైకిలే మా ఇంటి ఎద్దు, మా ఇంటి బండి. నూలు తెచ్చేదానికి అదే, నేసిన తాన్లు షావుకారుకు అప్పజెప్పేదానికి అదే. సినిమాకు పోతే ముందు కడ్డీ మీద నేను, వెనక క్యారియరు మీద అమ్మ, అమ్మ ఒళ్ళో చెల్లెలు. రాత్రిపూట డైనమో టైరుకు ఆనించి తొక్కితే కూనిరాగం తీస్తూ దీపం వెలిగేది. బండి ఆగితే దీపమూ ఆగేది. లైటు లేకుండా పోయినా, డబుల్స్ పోయినా పోలీసుల భయం వుండే కాలం అది. పోలీసు కనబడితే అమ్మ ముందే దిగి నడిచేది.

నాయన పోయినాక ఇల్లు సర్దుతుంటే పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. సైకిలును కాటా మీద పెట్టి 22 కిలోలన్నాడు. నలభై ఏళ్ళకు పైగా ఒక సంసారాన్ని మోసిన బండికి అతను ఇనుము ధర కట్టేసరికి మా చెల్లెలు “అమ్మొద్దన్నా” అన్నది. సరే అని దాన్ని తోసుకుంటూ సైకిలంగడికి తీసుకుపోయాను. ఒకప్పుడు ఆ వీధిలో నాలుగు సైకిలంగళ్ళుండేవి. బాడుగ సైకిళ్ళు వరసగా నంబర్లు వేసి నిలబెట్టి వుండేవి. ఇప్పుడు మిగిలింది ఒక్క అంగడి, డెబ్బై దాటిన ఒక్క మనిషి. ఆయన టైరును వేలితో నొక్కి, హ్యాండిలు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది చావలేదు తమ్ముడా, నిద్రపోతా వుండాది. రెండు దినాలు పెట్టి పో” అన్నాడు. నేను పోలేదు. ఆ రెండు రోజులూ పక్కన కూర్చొని చూశాను. కింద రాసినదంతా అక్కడ నేర్చుకున్న పాఠమే.

మొదట చక్రాలు. 28 అంగుళాల చక్రం ఎందుకంటే, చక్రం పెద్దదయ్యేకొద్దీ గుంతలోకి తక్కువగా దిగుతుంది, రాయి మీదికి తేలికగా ఎక్కుతుంది. మన మట్టిదోవలకు అది అవసరం. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. బరువు ఎక్కువగా పడేది వెనక చక్రం మీద గనుక అక్కడ 8 ఎక్కువ. మా అన్న స్పోకులను ఒక్కొక్కటే వేలితో మీటుతూ పోయాడు. వదులైనది బొంగురుగా పలుకుతుంది, బిగువైనది కంగుమంటుంది. అన్నీ ఇంచుమించు ఒకే శ్రుతికి వచ్చేదాకా స్పోకు తాళంతో తిప్పాడు. రిమ్ములో వంకర దానంతటదే పోయింది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో తీగల కంపనాన్ని గురించి చేసే ప్రయోగం ఇదేనని నాకప్పుడు తోచింది.

తరువాత ఫ్రేము. ముందు ఫోర్కును చూడండి. నిలువుగా వుండదు. బాగా వాలి, కింద ముందుకు వంగి వుంటుంది. గుంతలో పడినప్పుడు ఆ వంపు కొద్దిగా స్ప్రింగులాగా ఆడి, దెబ్బ చేతులదాకా రాకుండా కొంత మింగుతుంది. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ గనుక బరువు వేసినా బండి నిలకడగా పోతుంది. హ్యాండిలు ఎత్తుగా వుండి మన వైపుకు తిరిగి వుంటుంది. వీపు నిటారుగా వుంటుంది, దారి కనిపిస్తుంది, ఎదురైనవాళ్ళను పలకరించే వీలుంటుంది. పందెపు సైకిలు మీద పోయేవాడికి రోడ్డు మాత్రమే కనబడుతుంది. మా నాయనకు నగరి కొండలు మొదలు టీ అంగడి బెంచీ దాకా అన్నీ కనబడేవి.

ఆ తరువాత గాలి. పాత సైకిలు ట్యూబుకు వుండే వాల్వును విప్పి చూస్తే, సన్నని ఇత్తడి గొట్టం, దాని పక్కన చిన్న రంధ్రం, రంధ్రాన్ని మూస్తూ తొడిగిన రబ్బరు తొడుగు కనిపిస్తాయి. ఆ తొడుగునే వాల్‌ట్యూబు అంటాం. పంపు కొట్టినప్పుడు గాలి ఆ రబ్బరును ఎత్తుకొని లోపలికి పోతుంది. పంపు ఆపగానే లోపలి గాలే రబ్బరును రంధ్రానికి అదిమి పెడుతుంది. బయటికి పోవాలనుకునే గాలే తన తలుపు తాను మూసుకుంటుందన్న మాట. చాలా తక్కువ ఖరీదు చేసే రబ్బరు ముక్క అంత పని చేస్తుంది. పాడైతే పాతది పీకి కొత్తది తొడగటమే, పదేళ్ళ పిల్లవాడు కూడా చెయ్యగలడు.

బ్రేకులకు తీగలుండవు, కడ్డీలుంటాయి. చేత్తో నొక్కితే కడ్డీ లాగుతుంది, రబ్బరు రిమ్ము లోపలి అంచుకు తగులుతుంది. తీగ ఎప్పుడు తెగుతుందో బయటికి తెలియదు. కడ్డీ వంగితే కనబడుతుంది, సుత్తితో సరిచేయవచ్చు. ఇరుసుల్లో ఉక్కు గుండ్లు విడివిడిగా వుంటాయి. వెనక ఇరుసుకు పావు అంగుళం గుండ్లు ఒక్కొక్క పక్క 9. మా అన్న వాటిని కిరసనాయిలులో కడిగి, అరగని వాటిని ఏరి, గ్రీజు పెట్టి ఒక్కొక్కటే తిరిగి పేర్చాడు. కోను మరీ బిగిస్తే చక్రం తిరగదు, వదిలితే ఊగుతుంది. ఆ రెంటి మధ్య సరైన చోటు పుస్తకంలో రాసి చూపించలేనిది, చేతికి తెలియాల్సిందే. “స్పానరు అంగట్లో దొరుకుతాది. చెయ్యి యాడ దొరుకుతాది?” అన్నాడాయన నవ్వుతూ.

విద్యార్థులకు పనికివచ్చే లెక్క ఒకటి కూడా చెబుతాను. మా సైకిలు పెడలు చక్రానికి 48 పళ్ళు, వెనక ఫ్రీవీలుకు 18. నేనే లెక్కపెట్టాను. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.67 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాలంటే సుమారు 71 సెంటీమీటర్లు. చక్రం చుట్టుకొలత దాదాపు 2.23 మీటర్లు. కాబట్టి ఒక్క చుట్టుకు బండి ఇంచుమించు 6 మీటర్లు పోతుంది. ఒక చుట్టు అంటే రెండు కాళ్ళూ ఒక్కొక్కసారి తొక్కటం. అదే రెండడుగులు నడిస్తే మీటరున్నర పోతాం. నిమిషానికి 45 చుట్లు తొక్కినా గంటకు 16 కిలోమీటర్లు. పైగా ఒక కిలోమీటరు పోయేదానికి నడకలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు ఐదో వంతే సైకిలు మీద ఖర్చవుతుంది. నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ ఒంటి బరువును ఎత్తి దించుతాం. సైకిలు మీద ఆ బరువు సీటు మోస్తుంది, కాళ్ళు తోసే పని మాత్రం చేస్తాయి.

ఆ వేగం కూడా మనిషికి తగినది. మా నగరి పక్కన వెంకటనరసింహరాజువారిపేట అని ఒక రైల్వే స్టేషను వుంది. ఎక్స్‌ప్రెస్సు రైల్లో పోయేవాడు బోర్డు మీద ఆ పేరు సగం చదివేసరికి స్టేషను దాటిపోతుంది. సైకిలు మీద పోయేవాడు తీరిగ్గా రెండుసార్లు చదువుకోవచ్చు!

పొగడ్తలు ఎక్కువయ్యాయని అనుకోకండి, లోపాలు కూడా చెబుతాను. బండి బరువు. ఎదురుగాలి వస్తే ప్రాణం పోతుంది. మిట్ట వస్తే దిగి తోయాల్సిందే. వానలో ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు, చాలా ముందు నుంచే నొక్కుతూ రావాలి. నేర్చుకునేటప్పుడు పడటం మామూలే. గట్టిగా పడితే పుత్తూరు కట్టు ఎట్లాగూ దగ్గరే వుంది! తిరుపతిలో పని చూసుకొని మధ్యాహ్నానికి ఇల్లు చేరాలంటే బస్సో మోటారుసైకిలో కావాలి. వాటిని పారెయ్యమని ఎవరూ చెప్పరు. రోజుకు రెండు మూడు కిలోమీటర్ల పనికి ఏది తగినదో ఆలోచించమనే నా మాట.

ఈ బండి ఆడవాళ్ళకు చేసిన మేలు వేరే చెప్పాలి. మా ఇంట్లో లేడీస్ సైకిలు కొనే తాహతు లేదు. మా చెల్లెలు నాయన సైకిలుకే కడ్డీ కింది నుంచి కాలు దూర్చి, ఒక పక్కకు ఒరిగి తొక్కటం నేర్చుకుంది. కొందరు దాన్ని కత్తెర తొక్కుడంటారు, తమిళంవాళ్ళు కోతి పెడలంటారు. వీధిలో కొందరు నవ్వారు. నాయన మాత్రం, “నవ్వేవాళ్ళు నిన్ను బళ్ళో దించరు గదమ్మా, నువ్వు తొక్కు” అన్నాడు. ఆ సైకిలు లేకుంటే ఆమె హైస్కూలు చదువు ఎనిమిదితోనే ఆగేది. ఇప్పుడామె నర్సు. ఇనుము ధరకు అమ్మొద్దని ఆమె ఎందుకన్నదో ఇప్పుడు మీకు అర్థమై వుంటుంది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1991 ప్రాంతంలో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ చొరవతో ఆడవాళ్ళకు సైకిలు నేర్పటం కూడా చదువులో భాగం చేశారు. వేలమంది పల్లె స్త్రీలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్ళు చాలకపోతే మగవాళ్ళ సైకిళ్ళే తొక్కారు. ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు గనుక అదే మేలన్నవాళ్ళు కూడా వున్నారు. 2006లో బీహారు ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళివ్వటం మొదలుపెట్టింది. తరువాత ఇతర రాష్ట్రాలు కూడా ఆ దారి పట్టాయి.

సైకిలు ఇస్తే మాత్రం చాలదు. పంచరు పడిన రోజు దాన్ని ఎవరు వేస్తారు? మూడు కిలోమీటర్ల లోపల ఒక సైకిలంగడి లేకపోతే, రెండో పంచరుతో ఆ సైకిలు పంచలో చేరుతుంది, దానితోపాటు ఆ పిల్ల చదువు కూడా చేరవచ్చు. 2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. 2020లో సరిగ్గా అదే జూన్ 3న సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారంలో పని ఆగిపోయింది. పెద్ద కర్మాగారం మూతపడితే పత్రికల్లో వస్తుంది. మా వీధిలో మూడు అంగళ్ళు మూతపడినప్పుడు ఏ పత్రికలోనూ రాలేదు. నాలుగోది కూడా రేపోమాపో. “మా అబ్బోడు చెన్నైలో ఉద్యోగం చేస్తా వుండాడు. ఈ పని ఎవురు నేర్చుకుంటారు తమ్ముడా, అడిగినోళ్ళే లేరు” అని ఆయన చెప్పాడు. ఆ మాటలో ఫిర్యాదు లేదు, వున్న సంగతి వున్నట్టు చెప్పాడు. ఆయన అంగడి మూస్తే మా సైకిలుతోపాటు ఊళ్ళో మిగిలిన పాత సైకిళ్ళన్నీ ఒక్క ఏడాదిలో కాటా ఎక్కుతాయి. సామాను దొరకక కాదు, సామాను బిగించే చెయ్యి లేక.

అందుకని సంఘం మిత్రులకు ఒక సూచన చేస్తున్నాను. పెద్ద ఖర్చు కాదు. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం తిరుపతిలోనో మీమీ ఊళ్ళలోనో మిగిలిన ఒక సైకిలంగడి పెద్దాయనను కాలేజీకి పిలవండి. అతిథికిచ్చే గౌరవం ఇచ్చి, ఆయన రోజు కూలి కూడా ఇవ్వండి. చెట్టు కింద ఒక పాత సైకిలు విప్పించండి. పంచరు వెయ్యటం, వాల్‌ట్యూబు మార్చటం, చైను బిగించటం, స్పోకు తిప్పటం ఈ నాలుగూ అబ్బాయిలూ అమ్మాయిలూ చేతులకు గ్రీజు పూసుకొని నేర్చుకోండి. భౌతికశాస్త్రం లెక్చరర్లు పక్కనుండి ఎందుకట్లా అవుతుందో చెబితే ఇంకా మంచిది. సంఘం తరఫున ఒక పంపు, ఒక రిపేరు పెట్టె సైకిలు స్టాండులో శాశ్వతంగా పెడితే మరీ మంచిది.

మా సైకిలు ఇప్పుడు నడుస్తున్నది. కొత్త టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, ఇరుసు గుండ్లు కొన్ని. మిగిలినదంతా 1974 నాటిదే. ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంటి పంచలో కూడా వెతకండి. సైకిలు దొరికితే దాన్ని ముందుగా దగ్గర్లోని అంగడికి తోసుకుపోండి. పెద్దాయన ఏం చేస్తున్నాడో పక్కన కూర్చొని చూడండి, అర్థం కానిచోట అడగండి. అడిగేవాళ్ళు వచ్చారన్న సంతోషంతోనైనా ఆయన ఇంకో నాలుగేళ్ళు అంగడి తీసి పెడతాడు.